అవసరం మొహంలో కనబడకూడదు

అందరికీ నమస్కారం.

ఈ సాయంత్రం మనం చూడబోయేది 'సేల్స్‌మన్' అనే డాక్యుమెంటరీ. 1969లో అమెరికాలో విడుదలైంది. ఆల్బర్ట్, డేవిడ్ మేజిల్స్ అనే అన్నదమ్ములు షార్లట్ జ్వెరిన్‌తో కలిసి తీశారు. సినిమా వేసేలోపు కాసేపు మాట్లాడమన్నారు. సేల్స్‌మన్ బతుకులోని ఒత్తిడిని సినిమాలు ఎలా పట్టుకున్నాయన్నదే నా విషయం.

టార్గెట్లు, నెలాఖరు హడావిడి, మేనేజరు చేత మాటలు పడటం ఫీల్డ్‌లో తిరిగేవాళ్ళందరికీ తెలిసినవే. ఇలాంటివి మిగతా ఉద్యోగాల్లోనూ ఏదో ఒక రూపంలో ఉంటాయి. సేల్స్‌లో ఇంకో బాధ ఉంది. ఒత్తిడిలో ఉన్న సంగతి పైకి తెలియకూడదు. అప్పుల్లో మునిగిన వడ్రంగి చేసినా బల్ల బల్లలాగే ఉంటుంది. సేల్స్‌మన్‌కి ఆ వెసులుబాటు లేదు. ఈ ఆర్డర్ రాకపోతే నా పని అయిపోయినట్టే అన్న భయం మొహంలో కనబడిందా, ఎదుటి మనిషి ఒక అడుగు వెనక్కి వేస్తాడు. అంటే అమ్మకం ఎవరికి అత్యవసరమో వాళ్ళకే అది చేజారుతుంది. దాచుకోవడం ఈ పనిలో సగం. ఆ దాచుకున్నదాన్ని పట్టి చూపించిన సినిమాలే నా లెక్కలో గొప్పవి.

1992లో జేమ్స్ ఫోలీ తీసిన 'గ్లెన్‌గ్యారీ గ్లెన్ రాస్' పేరెత్తగానే అందరూ అలెక్ బాల్డ్విన్ సీను గురించి చెప్తారు. స్థలాలు అమ్మే ఆఫీసులో సేల్స్‌మన్లకి పోటీ పెడతారు. మొదటి బహుమతి కాడిలాక్ కారు, రెండోది కత్తుల సెట్టు, మూడోవాడికి ఉద్యోగం ఊడుతుంది. సినిమాకి మూలమైన డేవిడ్ మామెట్ నాటకంలో బాల్డ్విన్ పాత్రే లేదు, సినిమా కోసం మామెట్ కొత్తగా రాశాడు. పవరున్న సీనే, కాదనను. కానీ నన్ను కదిలించేది అది కాదు, జాక్ లెమన్ ఫోను పట్టుకున్నప్పటి సంగతి. అతని పాత్ర షెల్లీ లెవీన్. ఒకప్పుడు ఆఫీసులో అతనికి 'మెషీన్' అని పేరు. ఇప్పుడు కూతురు ఆస్పత్రిలో ఉంది, జేబు ఖాళీ, ఇచ్చిన లీడ్స్, అంటే కొనే అవకాశమున్నవాళ్ళ పేర్లు, అన్నీ ఎప్పుడో అరిగిపోయినవి. అయినా అవతల ఫోను ఎత్తగానే గొంతు మారిపోతుంది. లేని సెక్రటరీని పేరుపెట్టి పిలుస్తాడు, క్షణం తీరిక లేని పెద్దమనిషిలా మాట్లాడతాడు. ఆ గొంతు వినేది కస్టమరు. ఆ మొహం చూసేది మనం. వానలో ఒకరి ఇంటికి వెళ్తాడు కూడా. ఇంటాయన మాట తూలడు, మర్యాదగానే మాట్లాడుతూ మెల్లగా తలుపు వైపు నడిపిస్తాడు. నవ్వు చెదరకుండా బయటికి రావాలి. మేనేజరు అరుపుల కన్నా ఆ మర్యాదే ఎక్కువ కోస్తుంది.

ఆర్థర్ మిల్లర్ 'డెత్ ఆఫ్ ఎ సేల్స్‌మన్' 1949 నాటి నాటకం. అందులో విల్లీ లోమన్ పెట్టెల్లో ఏ సరుకు మోస్తాడో ఎక్కడా చెప్పలేదు. జీవితమంతా రోడ్ల మీద గడిపిన మనిషి, ఇక తిరగలేను, ఇక్కడే ఏదైనా పని ఇవ్వమని పాత యజమాని కొడుకు దగ్గరికి వెళ్తాడు. ఆ కుర్రాడు కొత్తగా కొన్న రికార్డింగ్ మెషీన్‌లో పిల్లల గొంతులు వినిపిస్తూ కూర్చుంటాడు. విల్లీ వారానికి 65 డాలర్లు అడుగుతాడు. తర్వాత 50 అంటాడు. తర్వాత 40. అడక్కుండానే తన ధర తనే తగ్గించుకుంటూ పోతాడు. ఏ కస్టమర్ ముందూ చేయకూడని పని అది. అంత అనుభవమున్న మనిషికి ఆ సంగతి తెలియక కాదు.

1951లో కొలంబియా సంస్థ ఆ నాటకాన్ని ఫ్రెడ్రిక్ మార్చ్‌తో సినిమాగా తెచ్చింది. అయితే కంపెనీకి భయం పట్టుకుంది. సేల్స్‌మన్ వృత్తిని కించపరిచారని జనం అనుకుంటారేమోనని, అమ్మకం ఎంత గౌరవమైన ఉద్యోగమో చెప్పే చిన్న సినిమా ఒకటి తీయించి, అసలు సినిమాకి ముందు వేద్దామనుకుంది. మిల్లర్ ఒప్పుకోలేదు, కోర్టుకు వెళ్తానన్నాడు. చివరికి దాన్ని పక్కన పెట్టేశారు. సేల్స్‌మన్ దిగులుగా కనబడకూడదన్న నియమాన్ని అతని మీద తీసిన సినిమాకి కూడా వర్తింపజేయబోయారన్నమాట!

మన దేశానికి వస్తే సత్యజిత్ రాయ్‌ని తలుచుకోకుండా ఉండలేను. 'సీమాబద్ధ' 1971 నాటిది. ఫ్యాన్ల కంపెనీలో సేల్స్ మేనేజరు శ్యామలేందు. ఎగుమతికి సిద్ధమైన సరుకులో లోపం బయటపడుతుంది. గడువు దాటితే కంపెనీకి దెబ్బ, తన ప్రమోషన్‌కీ దెబ్బ. అందుకని ఆలస్యానికి సాకు దొరికేలా ఫ్యాక్టరీలో గొడవ పుట్టిస్తాడు. ఒక వాచ్‌మన్ గాయపడతాడు, ఇతను డైరెక్టరు అవుతాడు. ఆ తర్వాత వచ్చిన 'జన అరణ్య'లో సోమనాథ్ ఇంకా కింది మెట్టు మీదివాడు, ఆర్డర్ సప్లయర్, అంటే కంపెనీలకి కావలసిన సరుకు తెచ్చిచ్చే దళారి. ఒక్క ఆర్డర్ కోసం అమ్మాయిని పంపాలంటారు. తీరా చూస్తే ఆ అమ్మాయి తన స్నేహితుడి చెల్లెలు. అప్పుడు కూడా అతను వెనక్కి తిరగడు. ఇంటికొచ్చి ఆర్డర్ దొరికిందని చెప్తే తండ్రి మనసు కుదుటపడుతుంది. ఒత్తిడి మనిషిని ఏడిపిస్తుందని చాలా సినిమాలు చెప్పాయి. మనిషి చేత ఏం చేయిస్తుందో రాయ్ చెప్పాడు. 2009లో వచ్చిన హిందీ సినిమా 'రాకెట్ సింగ్' మొదటి సగం నాకు ఇష్టం. లంచం అడిగిన కస్టమరు మీద ఫిర్యాదు రాసి పెట్టిన కుర్రాడిని సొంత ఆఫీసువాళ్ళే కాగితం రాకెట్లు విసిరి అవమానిస్తారు. తర్వాత కథ కాస్త సులువుగా తేలిపోయిందనిపిస్తుంది.

ఇక ఇవాళ్టి సినిమా. ఇందులో నటులు లేరు. నలుగురు నిజమైన సేల్స్‌మన్లు ఖరీదైన సచిత్ర బైబిళ్ళు ఇల్లిల్లూ తిరిగి అమ్ముతారు. చర్చిల్లో పేర్లు రాసిచ్చినవాళ్ళ చిరునామాలే వీళ్ళకి లీడ్స్. మీటింగులో పెద్దలు ఇది దైవకార్యమంటారు. అదే నోటితో, డబ్బు బయట బోలెడుంది, తేలేకపోతే తప్పు నీదే అంటారు. ఒక్కొక్కరు లేచి ఈ ఏడాది ఎంత సంపాదిస్తారో అందరి ముందూ ప్రకటించాలి.

నలుగురిలో పాల్ బ్రెన్నన్‌ని గమనించండి. మొదటి సీనులోనే ఒక తల్లికి పుస్తకం విప్పి చూపిస్తుంటాడు. ఆమె కొనలేనంటుంది. పక్కనున్న చిన్నపిల్ల వెళ్ళి పియానో మీద నాలుగు మీటలు నొక్కుతుంది. ఆ కాసేపట్లో అతని మొహం చూడండి. ఫ్లోరిడాలో దారి తప్పి కారులో తిరిగే సీను కూడా వదలకండి. రాత్రి మోటల్ గదిలో తోటివాళ్ళ ముందు ఐరిష్ యాసలో పాటలు, వేళాకోళాలు సాగుతాయి. అక్కడ కూడా అతను దాచుకుంటూనే ఉంటాడు. అతని అమ్మకాలు పడిపోతున్నకొద్దీ కస్టమర్లు మాత్రమే కాదు, తోటి సేల్స్‌మన్లు కూడా అతని వైపు చూడటానికి ఇబ్బంది పడతారు, ఆ దురదృష్టం తమకూ అంటుకుంటుందన్నట్టు.

కొనేవాళ్ళనూ చూడండి. పుస్తకం వెల 49.95 డాలర్లు. ఆ రోజుల్లో అది మామూలు ఇళ్ళకి చిన్న మొత్తం కాదు. వద్దని గట్టిగా అనలేక, వాయిదాలకు ఒప్పుకునే ఆడవాళ్ళు కనిపిస్తారు. మీటింగులో పాల్ మీద పడిన బరువు ఆ ముందుగదుల్లో ఎవరి మీదికి దిగుతోందో అప్పుడు అర్థమవుతుంది. మేజిల్స్ సోదరులు ఎవరినీ దుష్టుల్ని చేయలేదు. వ్యాఖ్యానం కూడా పెట్టలేదు. ఈ ఓర్పు వాళ్ళ పట్ల నాకున్న గౌరవానికి పెద్ద కారణం.

ఇక సినిమా చూద్దాం. అయ్యాక చర్చ ఉంది. మీలో ఎవరైనా ఫీల్డ్‌లో పనిచేసినవాళ్ళు ఉంటే ముందు మీరు మాట్లాడండి, మేము వింటాం.