స్కూటర్ వెనక ద్రాక్షతోట

నమస్తే అండి. ముందు ఈ ఫొటో చూడండి. మా చిన్నాన్న, ఆయన కొత్త స్కూటర్. ఇంట్లో అందరూ దీన్ని స్కూటర్ ఫొటో అనే అంటారు. కొంచెం వెనక్కి చూడండి. రాతి కడీలు, వాటి మీద తీగల పందిరి కనిపిస్తున్నాయి కదా? అది శంషాబాద్ దగ్గర మా తాత ద్రాక్షతోట. ఆ తోటది మా దగ్గర మిగిలిన ఫొటో ఇదొక్కటే.

హైదరాబాద్ చుట్టుపక్కల పండిన అనాబ్-ఎ-షాహీ ద్రాక్షకి ఒకప్పుడు ఎంత పేరుండేదో మీ ఇంట్లో పెద్దవాళ్లని అడగండి. కాయ లావుగా, కాస్త కోలగా ఉండేది, పండితే తేనె రంగు, లోపల గింజ. మా తోట ఉన్నచోట ఇప్పుడు అపార్ట్‌మెంట్లు.

మా ఇంట్లో పెళ్లి ఆల్బములు నాలుగున్నాయి. నాట్లేస్తున్న ఫొటో ఒక్కటీ లేదు. కల్లంలో వడ్లు తూర్పారబడుతున్నది లేదు, మోటబావి లేదు. రీలుకి వచ్చేవి 36 ఫొటోలు, వాటిని కడిగించాలంటే డబ్బులు. రోజూ చేసే పనికి ఫొటో ఎందుకనుకున్నారు. వాళ్లని తప్పుపట్టలేను. కానీ ఒకటి అనిపిస్తుంది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ పుణ్యమా అని, వందేళ్లకు ముందు ఫలక్‌నుమా ప్యాలెస్ గదులు ఎలా ఉండేవో ఇవాళ మనం చూడగలుగుతున్నాం. మా తాత మోట కొట్టిన బావి ఇదీ అని మా పాపకి చూపించడానికి నా దగ్గర ఏమీ లేదు.

పోయిన సంక్రాంతికి పాత ఫొటోలన్నీ నానమ్మ ముందు పరిచి, ఫోన్‌లో రికార్డింగ్ పెట్టి కూర్చున్నాను. ఇదే ఫొటోలో ఎడమ అంచున చూడండి, సగం కొంగు, ఒక గంప. ఎవరో మాకెవరికీ తెలీదు. నానమ్మ చూడగానే పేరు చెప్పింది. మా తోటలో పదిహేనేళ్లు గుత్తులు కోసిన మనిషట. చిన్నాన్నకి చిన్నప్పుడు జ్వరమొస్తే రాత్రంతా తడిగుడ్డ వేస్తూ కూర్చుందట. ఇంతకాలం ఆ పేరు నానమ్మ ఒక్కదానికే తెలుసు. నానమ్మకి 84 ఏళ్లు.

అందుకే చెబుతున్నాను, స్కానింగ్ సంగతి తర్వాత, ముందు పేర్లు అడగండి. ఫొటో వెనక మెత్తటి పెన్సిల్‌తో తేలిగ్గా రాయండి. బాల్‌పెన్ను వద్దు, ఒత్తు ముందువైపుకి తేలుతుంది. పెన్సిల్ పట్టకపోతే, కవరు మీద రాసి ఫొటోని అందులో పెట్టండి.

ఇంకో మాట, ఇది మా చేతుల్తో పోగొట్టుకుని నేర్చుకున్నది. తాత ఫొటో ఫ్రేములో అద్దానికి అతుక్కుపోయింది. మెల్లగా లాగితే వస్తుందనుకున్నాం. ముఖం అద్దం మీదే ఉండిపోయింది. మీ ఇంట్లో అలాంటిది ఉంటే లాగకండి. అద్దంతో సహా కిటికీ దగ్గర వెలుతురులో పెట్టి, ఫ్లాష్ ఆపి, నిటారుగా పైనుంచి ఫోన్‌తో తీసేయండి.

స్కాన్ చేయిస్తే 600 డీపీఐ, అంటే అంగుళానికి 600 చుక్కల లెక్కన చేయమని అడగండి. రంగు ఫొటోలతో మొదలుపెట్టండి. బీరువాలో చీకట్లో ఉన్నా వాటి రంగులు మెల్లగా పోతూనే ఉంటాయి, ఎర్రబారిపోతాయి. మంచి నలుపు తెలుపు ప్రింట్లు ఇంకొన్నాళ్లు ఆగగలవు. వాట్సాప్‌లో పంపేటప్పుడు డాక్యుమెంట్‌గా పంపండి. మామూలుగా పంపితే ఫొటో సైజు తగ్గిపోతుంది, ఎప్పుడు తీశామన్న వివరం కూడా పోతుంది. ఒక కాపీ మీ దగ్గర, ఇంకోటి వేరే ఊళ్లో అన్న దగ్గరో అక్క దగ్గరో ఉంచండి.

పోయిన ఆదివారం శంకర్‌పల్లి వైపు మా మేనత్త వాళ్ల పొలానికి వెళ్లాను. బోరు, స్టార్టర్ డబ్బా, గట్టు మీద వేపచెట్టు, అన్నీ తీశాను. కొట్టం గోడ మీద అత్త బొగ్గుతో రాసుకున్న పాల లెక్కలున్నాయి. అవి తీస్తుంటే, "ఆ గోడకేం ఫొటోరా? ఆగు, చీర మార్చుకొస్తా" అంది. వద్దత్తా, ఇట్లనే నిలబడు అన్నాను. చేతిలో చాట, చాటలో కందులు, వెనక ఆ లెక్కలు. ఇదిగో, ఇదే ఆ ఫొటో.