మీ అరుణ్ ఘోష్ ఎవరు? (ఆదివారం ఫుట్‌బాల్ ఫోన్-ఇన్)

యాంకర్: నమస్కారం. పోయిన వారం గోలీల గురించి, అంటే గోల్‌కీపర్ల గురించి మాట్లాడుకున్నాం. ఈ వారం టీం ఎంపిక. ఎవరిని దించాలి, ఎవరిని కూర్చోబెట్టాలి, ఎవరిని ఎక్కడ ఆడించాలి. స్టూడియోలో మన కోచ్ గారు ఉన్నారు. సార్, ట్యూన్ అయిపోకముందే లైన్లన్నీ నిండిపోయాయి.

కోచ్: నిండవూ మరి! పెళ్ళి భోజనంలో ఉప్పు గురించీ, టీం ఎంపిక గురించీ అభిప్రాయం లేని మనిషిని నేనింతవరకు చూళ్ళేదమ్మా.

యాంకర్: మొదటి కాలర్. హలో, చెప్పండి.

కాలర్: హలో... మేడం నమస్తే. సార్ నమస్తే. అమ్ముగూడ నుంచి మాట్లాడుతున్న.

యాంకర్: వెనకాల చప్పుడు చాలా ఉందండీ.

కాలర్: ఇరానీ హోటల్ల కూసున్న మేడం. మా టీమోళ్ళు ఇద్దరు కూడ ఉన్నరు. ఒక్క నిమిషం, జర మూలకు జరుగుత... ఇప్పుడు ఇనొస్తుందా?

కోచ్: వినిపిస్తోంది. అమ్ముగూడ అంటే బలరాం గారి ఊరు కదా.

కాలర్: అదే సార్! తులసీదాస్ బలరాం మా దిక్కు మనిషే. మా నాయిన ఆయన ఆట సూసిండు. ఇప్పటికీ మేం ఎవరన్న గోల్ కొడితే, "ఇది గోలా? బలరాం కొడితే సూడాలె" అంటడు. ఇంట్ల మాకు విలువ లేదు సార్.

కోచ్: మీ నాన్నగారిది తప్పు కాదులే. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగెరీ మీద గోల్ కొట్టిన మనిషి ఆయన. సరే, మీ సమస్యేంటి?

కాలర్: మాది ఏడుగురు ఆడే సెవెన్స్ టీం సార్. ఆదివారం ఆదివారం ఆడతం. వచ్చే వారం సెమీస్ ఉంది. మా ఫార్వర్డ్ నాలుగు మ్యాచులైంది, ఒక్క గోల్ కొట్టలే. నా చిన్నప్పటి దోస్తు, అందుకే నోరు తెరవలేకపోతున్న. మా స్టాపరేమో, అదే వెనక గోల్ కాడ అడ్డుకునేటోడు, ఆరడుగులుంటడు, హెడ్డింగ్ మస్తు కొడ్తడు. వాన్ని ముందల పెడ్దామంటున్న. జకార్తల ఇండియా కోచ్ రహీం సాబ్, స్టాపర్ జర్నైల్ సింగ్‌ని ముందల పెట్టలేదా? మావోళ్ళు ఇంటలేరు. మీరు చెప్తే ఇంటరు.

కోచ్: రహీం సాబ్ పేరు ఎత్తావు కాబట్టి ఇక నన్ను ఆపలేరు. అమ్మా, టైముందా?

యాంకర్: మీరు మొదలుపెట్టాక టైమెక్కడిది సార్, చెప్పండి.

కోచ్: 1962 జకార్తా ఆసియా క్రీడలు. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా మనల్ని 2-0తో కొట్టింది. తర్వాత థాయ్‌లాండ్ మీద 4-1, జపాన్ మీద 2-0 గెలిచాం. కానీ థాయ్‌లాండ్ మ్యాచ్‌లో జర్నైల్ తల పగిలింది, కుట్లు పడ్డాయి. స్టాపర్ అన్నవాడు మ్యాచంతా తలతోనే బంతిని బయటికి తోలుతుండాలి. కుట్లున్న తలతో ఎలా ఆడతాడు? అలాగని అతను ఆడకపోతే టీంలో గుండె జారిపోతుంది. రహీం సాబ్ ఏం చేశారు? ముందుకి పంపారు. ఊరికే కాదు బాబూ, కాలేజీ రోజుల్లో జర్నైల్ సెంటర్ ఫార్వర్డే. మర్చిపోయిన పనిని గుర్తు చేశారంతే. సెమీస్‌లో దక్షిణ వియత్నాం మీద ఒక గోల్ కొట్టాడు, 3-2తో గెలిచాం. ఫైనల్లో మళ్ళీ అదే కొరియా. స్టేడియం నిండా మన మీద అరిచే జనం. 17వ నిమిషంలో పీకే బెనర్జీ, 20వ నిమిషంలో జర్నైల్. చివరికి 2-1.

కాలర్: అదే సార్ నేను చెప్పేది!

కోచ్: ఆగు. నీ ముందు టేబుల్ మీద ఏమున్నాయి?

కాలర్: ఏమున్నయ్ సార్... చాయ్ కప్పులు, సాసర్లు, ఉస్మానియా బిస్కెట్ల ప్లేటు.

కోచ్: కప్పులెన్ని?

కాలర్: ఐదు. ఆగున్రి... పక్క టేబుల్ మీదికెల్లి ఇంకో రెండు తీస్కున్న. ఏడు.

కోచ్: గోలీ కప్పు ఒకటి నీ పొట్ట దగ్గర పెట్టుకో. ముందర రెండు వెనక ఆటగాళ్ళు, తర్వాత మూడు, చివర ఒకటి. పెట్టావా? ఇప్పుడు స్టాపర్ కప్పు తీసి అటు చివరికి తోయి.

కాలర్: తోసిన. [కప్పుల చప్పుడు]

కోచ్: గోలీ కప్పు ముందర ఏం కనిపిస్తోంది?

కాలర్: ...ఒక్క కప్పే ఉంది సార్. దాని పక్కన జాగ ఖాళీ.

కోచ్: ఆ జాగాలో రహీం సాబ్‌కి అరుణ్ ఘోష్ ఉన్నాడు. జర్నైల్‌ని ముందుకి పంపింది అందరికీ గుర్తుంది. వెనక్కి ఎవరు వచ్చారో ఎవరూ అడగరు. గోల్లో కూడా అంతే, బర్మన్ ఆడుతుంటే ఫైనల్‌కి పొడగరి తంగరాజ్‌ని దించారు. ముగ్గురి చోట్లు చూసుకున్నాకే ఒకణ్ణి జరిపారాయన. ఇప్పుడు చెప్పు, మీ అరుణ్ ఘోష్ ఎవరు?

కాలర్: [కొంచెం ఆగి] మా బావమరిది ఉన్నడు సార్. కానీ ఆడు పది నిమిషాలు ఉరికితే ఎనిమిది నిమిషాలు నడుం పట్టుకుంటడు.

కోచ్: అయితే స్టాపర్‌ని కదపకు.

కాలర్: గట్లంటరా... ఇండియా టీంకి కూడ ఇదే రోగం సార్. ఫార్వర్డ్ లేడు. ఛెత్రి ఎల్లిపోయిండంటిరి, మల్ల పిలిచిన్రు. చాంగ్తేని మధ్యల ఆడిస్తే ఏం బోతది? గంత స్పీడున్నోన్ని గీతెంబడి పెడ్తరు. నేను కోచ్‌నైతే మొదటి దినమే...

కోచ్: నువ్వు కోచ్‌వైతే రెండో రోజు నేను ఫోన్ చేసి తిట్టేవాణ్ణి. విను. చాంగ్తేది ఎడమ కాలు, ఆడేది కుడి పక్క. గీత దగ్గర బంతి తీసుకుని లోపలికి కోసుకుంటూ వస్తాడు. వాడి పరుగుకి ముందర ఖాళీ నేల కావాలి. మధ్యలో పెడితే ఇద్దరు స్టాపర్లకి వీపు చూపించి నిలబడాలి. బస్సులో కిటికీ సీటు ఉన్నవాణ్ణి ఫుట్‌బోర్డు మీద నిలబెట్టినట్టు ఉంటుంది. 2025 అక్టోబర్‌లో మడ్‌గావ్‌లో సింగపూర్ మీద 14వ నిమిషంలో కొట్టాడుగా గోల్, ఏం తక్కువైంది? ఆధిక్యం వచ్చాక దాన్ని పట్టుకోలేకపోయాం. సరిగ్గా విరామానికి ముందు ఒకటి ఇచ్చాం, తర్వాత ఇంకొకటి. 1-2. దాంతో 2027 ఆసియా కప్పులో ఆడే అవకాశం పోయింది. ఆ మ్యాచ్ చూసి నేను రాత్రి అన్నం తినలేదు, మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది.

యాంకర్: మరి ఫార్వర్డ్ లేకపోవడం?

కోచ్: అది ఇండియా కోచ్ గదిలో తేలే లెక్క కాదమ్మా. మన ఇండియన్ సూపర్ లీగ్ క్లబ్బుల్లో మధ్యలో నిలబడి గోల్ కొట్టే పని ఎవరికి ఇస్తారు? ఎక్కువగా విదేశీయుడికి. మన హైదరాబాద్ ఎఫ్‌సీ 2021-22లో కప్పు గెలిచింది కదా, ఆ సీజన్లో నైజీరియా ఒగ్‌బెచె 18 గోల్స్ కొట్టాడు. మనమంతా ఎగిరాం, నేనూ ఎగిరాను. క్లబ్బు తప్పు కాదది, వాళ్ళకి కప్పు కావాలి. కానీ మన కుర్రాడు ఆఖరి పావుగంటకి దిగుతాడు, లేదంటే వింగ్‌లోకి, అంటే పక్క గీత వైపుకి జరుగుతాడు. ఏడాదంతా చెయ్యని పని దేశానికి వచ్చి తొంభై నిమిషాలు చెయ్యమంటే ఎలా చేస్తాడు? అందుకే 2024 జూన్‌లో వీడ్కోలు చెప్పిన ఛెత్రిని ఏడాది తిరక్కుండా, నలభై ఏళ్ళ వయసులో, వెనక్కి పిలవాల్సొచ్చింది. వచ్చిన మొదటి మ్యాచ్‌లో షిల్లాంగ్‌లో మాల్దీవుల మీద కొట్టాడనుకో. దానికి సంతోషించాలో సిగ్గుపడాలో నాకిప్పటికీ తెలీదు.

కాలర్: ఆఖరి ముచ్చట సార్. దోస్తును మార్చకపోతే గోల్ ఎవరు కొడ్తరు?

కోచ్: వాడికి మ్యాచ్‌కి ఎన్ని బంతులొస్తున్నాయి? గోల్ ఎదుట, కాలికి అందేలా?

కాలర్: లెక్కపెట్టలే సార్.

కోచ్: ఈ ఆదివారం లెక్కపెట్టు. బయట కూర్చున్నవాడి చేతికి కాగితం ఇవ్వు.

యాంకర్: థాంక్స్ అండీ, ఆ కప్పులు హోటల్ వాళ్ళకి ఇచ్చేయండి. తర్వాత విశాఖపట్నం నుంచి.

కాలర్: నమస్కారమండి. నాదొక్కటే ప్రశ్న. ఈ గోలీలు బంతి ఎత్తి కొట్టడం మానేసి, పక్కనున్నోడికి సిన్నగా ఇస్తారేటండీ? ఆడు మళ్ళీ ఈడికి ఇస్తాడు. మా గుండెలాగిపోతన్నాయి.

కోచ్: 2019లో నియమం మారిందండి. అంతకుముందు గోల్ కిక్ పెనాల్టీ బాక్సు దాటాకే మనవాడు ముట్టుకోవాలి. ఇప్పుడు బాక్సులోనే తీసుకోవచ్చు. అవతలివాళ్ళని మీదికి రానిచ్చి, వాళ్ళ వెనక ఖాళీ అయిన చోటికి బంతి పంపుదామని ఎత్తుగడ.

కాలర్: మరి పోగొట్టుకుంటన్నారు కదండీ!

కోచ్: పాస్ ఇవ్వడం తప్పు కాదండి, ఇచ్చాక నిలబడి చూస్తుంటారే, అది తప్పు. గోలీ దగ్గర బంతి ఉన్నప్పుడు కనీసం ముగ్గురు కదలాలి. అయినా మన మట్టి గ్రౌండ్లలో ఈ సోకులొద్దు. గులకరాయి తగిలి బంతి ఎటు ఎగురుతుందో దేవుడికే తెలియాలి. అక్కడ ఎత్తి కొట్టడమే తెలివి.

కాలర్: అదీ మాట! మావోడికి సెప్తాను.

యాంకర్: అనంతపురం జిల్లా నుంచి ఒక అమ్మ లైన్లో ఉన్నారు.

కాలర్: నమస్తే సార్. మా పాపకి పద్నాలుగేండ్లు. స్కూలు టీములో ఆడతా ఉంది. మొన్నటిదాకా కుడి పక్క ముందర ఆడేది, గోల్సు కూడా కొట్టింది. ఇప్పుడు కొత్త సారు వచ్చి ఎడమ పక్క వెనకాల ఆడమన్నాడంట. ఇంటికొచ్చి ఏడుస్తా ఉంది. పోయి అడగమంటారా సార్?

కోచ్: మీరు పోవద్దమ్మా, పాపని అడగమనండి. కానీ "నన్నెందుకు మార్చారు" అని కాదు. "అక్కడ నేనేం చెయ్యాలి సార్" అని. ఆ రెండో ప్రశ్నకి ఆయన దగ్గర జవాబుంటే, ఆలోచించే మార్చాడు. నీళ్ళు నమిలితే అప్పుడు మీరు వెళ్ళండి. పాపది ఏ కాలు?

కాలర్: కుడి కాలే సార్. ఎడమ కాలితో తంతే బంతి యాడికో పోతుంది.

కోచ్: అదీ అసలు సంగతి. రహీం సాబ్ కుర్రాళ్ళకి బలహీనమైన కాలితోనే ఆడాలని పోటీలు పెట్టేవారు. ఆయన ముందు స్కూలు మేష్టారు, తర్వాతే కోచ్. మీ ఇంటికి ఒక ఖాళీ గోడ ఉందా?

కాలర్: పశువుల కొట్టం గోడ ఉంది సార్.

కోచ్: చాలు. సుద్దతో మోకాలెత్తున ఒక గీత గియ్యండి. నాలుగడుగుల దూరం నుంచి ఎడమ కాలి లోపలి పక్కతో గీత కింద కొట్టాలి, తిరిగొచ్చిన బంతిని ఎడమ కాలితోనే ఆపాలి. రోజూ పావుగంట. వారం రోజులు విసుగ్గా ఉంటుంది. తర్వాత దూరం పెంచండి. కుడి కాలు ముట్టుకుంటే లెక్క మళ్ళీ ఒకటి నుంచి.

కాలర్: వెనక ఆడితే పేరొస్తుందా సార్?

కోచ్: 2025 జులైలో మన ఆడపిల్లలు థాయ్‌లాండ్ వెళ్ళి థాయ్‌లాండ్‌నే 2-1తో కొట్టి ఆసియా కప్పుకి అర్హత సాధించారు. రెండు గోల్సూ సంగీత బాస్ఫోర్‌వి. ఆమె ఫార్వర్డ్ కాదమ్మా, మిడ్‌ఫీల్డర్. మన నిజామాబాద్ అమ్మాయి గుగులోత్ సౌమ్య ఉంది, తండా నుంచి బయల్దేరి క్రొయేషియా క్లబ్బు దాకా వెళ్ళింది. పద్నాలుగేళ్ళకి ఎక్కడ నిలబెట్టారన్నది జాతకం కాదు. ఆడనివ్వండి.

కాలర్: అట్లే సార్. కొట్టం గోడకి సున్నం కొట్టి రెండు నెల్లే అయింది, మా ఆయన ఏమంటాడో ఏమో.

యాంకర్: ఆయన్ని కూడా మా ప్రోగ్రాం వినమనండి! చివరి కాల్. ఇదీ అమ్ముగూడ నుంచేనండీ. హలో?

కాలర్: మేడం నమస్తే. సార్, పొద్దుగాల కప్పులు జరిపిండే, ఆడు చెప్పిన ఫార్వర్డ్‌ని నేనే.

కోచ్: [నవ్వు] బాబూ! విన్నావా మొత్తం?

కాలర్: దుకాణంల రేడియో పెట్టుకుని కూసున్న సార్. నాలుగు మ్యాచులు గోల్ లేదు, నిజమే, ఒప్పుకుంట. కానీ ఆడు మీకొక ముచ్చట చెప్పలే. మా టీంల లెఫ్ట్ వింగ్ ఆ కప్పులు జరిపినోడే. బంతి దొరికిందంటే ఇద్దర్ని దాటుతడు, ముగ్గురిని దాటుతడు, నాలుగోవాని కాడ పోగొట్టుకుంటడు. నేను పోస్టు కాడ చెయ్యెత్తి నిలబడి నిలబడి చెయ్యి దించుత.

యాంకర్: అయ్యో, కథ మారిపోయింది సార్!

కోచ్: మారలేదమ్మా, ఇప్పుడు పూర్తయింది. నేను బంతుల లెక్క అడిగినప్పుడు వాడి గొంతు తగ్గింది, గమనించాను. అయితే నీక్కూడా ఒక మాట. చెయ్యెత్తి నిలబడితే స్టాపర్ నీ పక్కనే నిలబడతాడు. మీవాడు మొదటివాణ్ణి దాటగానే నువ్వు రెండడుగులు వెనక్కి వెయ్యి, అవతలి స్టాపర్ నిన్ను వదిలి బంతి వైపు చూస్తాడు. అప్పుడు ముందర పోస్టు వైపు ఉరుకు. నువ్వు ఉరుకుతున్నది కనబడితేనే వాడికి ఇవ్వాలనిపిస్తుంది. నిలబడ్డవాడికి ఎవరిస్తారు?

కాలర్: అంటే నాది కూడ తప్పే అంటరు.

కోచ్: సగం. మిగతా సగం వాడిది. రహీం సాబ్ డ్రిబ్లింగ్ లేకుండా ఆడాలని కూడా పోటీలు పెట్టేవారని వాడికి చెప్పు. శనివారం సాయంత్రం మీ ఇద్దరూ అరగంట అదే ఆడండి, రెండు టచ్‌లకి మించొద్దు.

కాలర్: ఆడు ఫోన్ ఎత్తుతలేడు సార్ ఇప్పుడు.

యాంకర్: ఇరానీ హోటల్‌కి వెళ్ళండి, అక్కడే ఉండుంటారు.

కాలర్: పోత మేడం. బిల్లు కూడ ఆడు నా ఖాతలనే రాయించి ఉంటడు.