ఎంక్యాట్ ఎప్పుడు రాయాలి? తేదీని వెనక నుంచి లెక్కేద్దాం

నమస్కారం అండీ. ఈ వీడియో అంతా ఒక్క ప్రశ్న గురించే. అమెరికాలో మెడికల్ స్కూల్‌కి అప్లై చేయబోయే పిల్లలు అక్కడి ప్రవేశ పరీక్ష ఎంక్యాట్ ఏ నెలలో రాయాలి? పిల్లలతో పాటు అమ్మానాన్నలు కూడా కూర్చుని చూడండి. ఈ తేదీ విషయంలో మన ఇళ్లలో ఎక్కువ గొడవలు అవుతాయి.

గొడవ ఎందుకు అవుతుందో నాకు తెలుసు. మన పెద్దవాళ్లు ఎంసెట్ చూసి పెరిగారు. ఇప్పుడు అక్కడ నీట్. ఆ పరీక్షకి తేదీ ఎన్‌టీఏ చెబుతుంది, దేశమంతా ఒకే రోజు రాస్తారు, ర్యాంకు వస్తుంది, కౌన్సెలింగ్‌కి వెళ్తారు. అక్కడ తేదీ మన చేతిలో లేదు కాబట్టి చదువే దానికి సర్దుకుంటుంది. ఇక్కడ అలా కాదు. జనవరిలో కొన్ని తేదీలు, మార్చి నుంచి సెప్టెంబర్ దాకా మిగతావి ఉంటాయి. వాటిలో ఏది కావాలో మీరే ఎంచుకోవాలి. అప్లికేషన్ మాత్రం ఏడాదికి ఒక్కసారే, మే నుంచి మొదలవుతుంది. ఈ రెండూ కలిసే చోటు సరిగ్గా చూసుకోకపోతే మంచి స్కోర్ ఉండి కూడా ఏడాది పోతుంది.

నాకు అలాగే పోయింది. ఆ కథ మధ్యలో చెప్తాను. ముందు స్క్రీన్ మీద ఈ క్యాలెండర్ చూడండి.

2028 ఆగస్టులో మెడికల్ స్కూల్లో చేరాలనుకుందాం. అంటే అప్లికేషన్ 2027 వేసవిలో పెట్టాలి. ఎక్కువ ఎండీ స్కూళ్లకు (ఇక్కడ ఎండీ అంటే మన ఎంబీబీఎస్ లాంటి డాక్టర్ డిగ్రీ) ఒకే దరఖాస్తు ఉంటుంది, దాన్ని యామ్‌కాస్ అంటారు. అది సాధారణంగా మే మొదట్లో తెరుచుకుంటుంది. నింపుకోవచ్చు కానీ పంపలేం. మే చివరి వారంలో పంపడానికి వీలవుతుంది. ఆ తర్వాత వాళ్లు మీ ట్రాన్‌స్క్రిప్ట్, అంటే కాలేజీ మార్కుల రికార్డు, పక్కన పెట్టుకుని మీరు రాసిన ప్రతి కోర్సు, ప్రతి గ్రేడ్ సరిచూస్తారు. దీన్నే వెరిఫికేషన్ అంటారు. మొదటి రోజుల్లో పంపినవాళ్లకి త్వరగా అయిపోతుంది. అందరూ వచ్చి పడ్డాక ఆరు వారాల దాకా పట్టొచ్చు. వెరిఫై అయిన అప్లికేషన్లు జూన్ చివరి వారంలో మొదటిసారి స్కూళ్లకి వెళ్తాయి.

జూన్ చివరి వారం. ఎర్ర పెన్నుతో దాని చుట్టూ గీత గీయండి. మన లెక్క మొదలయ్యేది ఇక్కడి నుంచే.

ఎంక్యాట్ రాశాక స్కోర్ రావడానికి దాదాపు నెల రోజులు పడుతుంది. ఈ పరీక్ష పెట్టే సంస్థ ఏఏఎంసీ. వాళ్ల వెబ్‌సైట్‌లో ప్రతి పరీక్ష తేదీ పక్కనే ఆ స్కోర్ వచ్చే తేదీ కూడా ఉంటుంది. చాలామంది మొదటి గడి మాత్రమే చూసి సీటు తీసుకుంటారు. మీరు రెండో గడి చూడండి. స్కూళ్లకి అప్లికేషన్ వెళ్లేటప్పటికి స్కోర్ కూడా ఉండాలంటే పరీక్ష మే మూడో వారం దాటకూడదు. స్కోర్ చూసుకుని, ఏ స్కూళ్లకి అప్లై చేయాలో నిర్ణయించుకుని, ఆ తర్వాత సబ్మిట్ నొక్కాలనుకుంటే పరీక్ష ఏప్రిల్‌లోనే అయిపోవాలి. ఒకవేళ స్కోర్ తగ్గినా జూన్ చివర్లో మళ్లీ రాసే అవకాశం ఏప్రిల్ వాళ్లకి ఉంటుంది. మే చివర్లో రాసినవాళ్లకి ఆ అవకాశం దాదాపు ఉండదు.

ఇంత తొందర ఎందుకు, గడువు అక్టోబర్, నవంబర్ దాకా ఉంది కదా అని ఒక నాన్నగారు నన్ను అడిగారు. మంచి ప్రశ్న. చాలా స్కూళ్లు అప్లికేషన్లన్నీ పోగేసి ఒకేసారి చూడవు. వచ్చినవి వచ్చినట్టు చదువుతాయి, ఇంటర్వ్యూలకి పిలుస్తాయి. ఆగస్టు, సెప్టెంబర్‌లలో ఇంటర్వ్యూలు మొదలవుతాయి. అక్టోబర్ 15 నుంచి సీట్లు ఇవ్వడం కూడా మొదలవుతుంది. మీ ఫైల్ నవంబర్‌లో పూర్తయితే అది చదివేటప్పటికి ఇంటర్వ్యూ తేదీల్లో చాలావరకు నిండిపోయి ఉంటాయి. ఫైల్ పూర్తవడం అంటే యామ్‌కాస్ ఒక్కటే కాదు. రికమండేషన్ లెటర్లు, ఆ స్కూల్ విడిగా పంపే సెకండరీ వ్యాసాలు, ఎంక్యాట్ స్కోర్, ఇవన్నీ చేరాలి. ఒక్కటి తగ్గినా చాలా స్కూళ్లు ఫైల్ చదవకుండా పక్కన పెట్టేస్తాయి.

ఇప్పుడు నా కథ. నేను మొదటిసారి జూన్ చివర్లో డేట్ తీసుకున్నాను. నెల ముందు ప్రాక్టీస్ టెస్టుల్లో 503, 505 వస్తున్నాయి. నాకు కావలసింది 512. మెడికల్ స్కూళ్లలో చేరేవాళ్ల సగటు ఆ చుట్టుపక్కలే ఉంటుంది. డేట్ మారుద్దామా అని ఇంట్లో అడిగితే, ఒకసారి తీసుకున్నాక వెనక్కి తగ్గడం ఎందుకు, పరీక్షలో బాగా వస్తుందిలే అన్నారు. నాకూ ధైర్యం చాలలేదు. రాశాను. 504 వచ్చింది. అప్పటికే ఇరవైకి పైగా స్కూళ్లకి అప్లికేషన్ వెళ్లిపోయింది. ఒక్కో సెకండరీకి విడిగా ఫీజు, వేసవంతా వ్యాసాలు రాయడం. ఒక్క ఇంటర్వ్యూ కూడా రాలేదు. ఆ ఏడాది మా అమ్మ ఎవరింటికి పూజకి పిలిచినా వెళ్లేది కాదు, అమ్మాయి సంగతేమిటని అడుగుతారని. అది గుర్తొస్తే ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

అందుకే ఈ వీడియోలో అన్నిటికంటే గట్టిగా చెప్పేది ఇది. తేదీ వచ్చేసిందని, తయారు కాకుండానే వెళ్లి రాయకండి. ప్రాక్టీస్‌లో రాని స్కోర్ పరీక్ష రోజు వచ్చిపడదు. ఏఏఎంసీ వాళ్ల పూర్తి నిడివి టెస్టులు ఉన్నాయి కదా, వాటిలో చివరి మూడింటి సగటు తీయండి. విరామాలతో కలిపి ఏడున్నర గంటలు, అసలు పరీక్షలాగే పొద్దున్నే మొదలుపెట్టి, ఫోన్ పక్క గదిలో పెట్టి రాసినవి మాత్రమే లెక్క. ఆ సగటు మీకు కావలసిన స్కోర్‌కి రెండు మూడు పాయింట్ల లోపల ఉంటే వెళ్లి రాయండి. ఏడెనిమిది పాయింట్లు దూరంగా ఉంటే డేట్ మార్చండి. మార్చడానికి పది రోజుల ముందు దాకానే వీలుంటుంది. ఆలస్యమయ్యే కొద్దీ దానికి ఫీజు పెరుగుతుంది. అందుకని ఆ నిర్ణయం నెల ముందే తీసుకోండి.

మళ్లీ రాసుకోవచ్చులే అనుకునేవాళ్లు ఈ అంకెలు గుర్తుంచుకోండి. ఒక ఏడాదిలో మూడుసార్లు, వరసగా రెండేళ్లలో నాలుగుసార్లు, జీవితం మొత్తం మీద ఏడుసార్లు. అంతే. పరీక్ష అయిపోయాక అక్కడే వాయిడ్ చేసుకోవచ్చు, అప్పుడు స్కోర్ ఎవరికీ కనిపించదు. కానీ ఆ ప్రయత్నం లెక్కలోకి వస్తుంది. సీటు తీసుకుని వెళ్లకపోయినా అంతే. ఇక వచ్చిన స్కోర్లన్నీ స్కూళ్లకి కనిపిస్తాయి, నచ్చిన ఒక్కటే పంపడం కుదరదు.

మరి ఏప్రిల్‌లో రాద్దామంటే ఒక చిక్కుంది. అది సెమిస్టర్ మధ్యలో ఉంటుంది. ఆర్గానిక్ ల్యాబులు, మిడ్‌టర్మ్‌లు, ఆ వెంటనే ఫైనల్స్. ఎంక్యాట్ చదువుకి నేను మూడు వందల గంటలు పెట్టుకోమంటాను. వారానికి పాతిక గంటల చొప్పున పన్నెండు వారాలు. నిండా కోర్సులున్న సెమిస్టర్‌లో వారానికి పాతిక గంటలు ఎక్కడి నుంచి వస్తాయి? చివరికి ఎంక్యాట్ అయినా పోతుంది, జీపీఏ అయినా పోతుంది. జీపీఏ పడితే ఎంక్యాట్‌లా మళ్లీ రాసి సరిచేసుకోలేం.

నేను అడిగినవాళ్లందరికీ చెప్పే తేదీ వేరు. అప్లై చేసే ఏడాదికి ముందు వేసవి. మన క్యాలెండర్లో అది 2026. మేలో కాలేజీ అయిపోతుంది, జూన్, జులై పూర్తిగా ఎంక్యాట్‌కి, ఆగస్టు చివర్లో పరీక్ష. స్కోర్ సెప్టెంబర్‌లో చేతికొస్తుంది, అప్లికేషన్‌కి ఇంకా ఎనిమిది నెలలు ఉంటుంది. చాలా స్కూళ్లు రెండు మూడేళ్ల నాటి స్కోర్ దాకా ఒప్పుకుంటాయి కాబట్టి ఇది పాతబడదు. స్కోర్ తగ్గితే జనవరి ఉంది, ఏప్రిల్ ఉంది. దీనికి ఒకటే షరతు. అప్పటికి బయోకెమిస్ట్రీ అయిపోయి ఉండాలి. దాని బరువు ఆ పరీక్షలో చాలా ఎక్కువ. అది ఇంకా చదవనివాళ్లు ఈ తేదీ పెట్టుకోకండి. సైకాలజీ, సోషియాలజీ అయితే సొంతంగా చదువుకోవచ్చు.

నేను రెండోసారి రాసింది జనవరిలో. క్లాసులు లేవు, కాబట్టి నాకు కుదిరింది. కాలేజీలో ఉన్నవాళ్లకి జనవరి కొంచెం కష్టం, శీతాకాలం సెలవులు నాలుగు వారాలే ఉంటాయి. అక్టోబర్ నుంచి కొద్దికొద్దిగా చదువుకుంటూ వచ్చినవాళ్లకే అది పనికొస్తుంది.

జూన్‌లో తప్ప కుదరదు అనేవాళ్లకి ఒక దారి ఉంది. స్కోర్ లేకపోయినా యామ్‌కాస్ పంపొచ్చు, వెరిఫికేషన్ స్కోర్ కోసం ఆగదు. రాబోయే పరీక్ష తేదీ అందులో వేసే చోటు ఉంటుంది. జూన్ మొదట్లో ఒకే ఒక్క స్కూల్‌ని పెట్టి పంపండి. స్కోర్ ఎంత వచ్చినా అప్లై చేసి తీరాలనుకునే స్కూల్‌ని పెట్టుకోండి. వెరిఫికేషన్ లైన్‌లో మీ వంతు నడుస్తూ ఉంటుంది, మీరు ఈలోపు చదువుకోండి. జులైలో స్కోర్ చూసుకుని మిగతా స్కూళ్లు చేర్చండి. వాటి కోసం మళ్లీ వెరిఫికేషన్ ఉండదు. స్కోర్ బాగా తగ్గితే ఆ మిగతావి చేర్చకుండా ఆగొచ్చు, డబ్బు మిగులుతుంది. ఈ సంగతి నాకు మొదటిసారి ఎవరూ చెప్పలేదు.

పరీక్ష అయిన మర్నాడు ఒక రోజు పడుకోండి. ఆ మరుసటి రోజు నుంచి సెకండరీ వ్యాసాలు మొదలుపెట్టండి. చాలా స్కూళ్లు ఏటా దాదాపు అవే ప్రశ్నలు అడుగుతాయి. అవి వచ్చాక రెండు వారాల్లో తిరిగి పంపడం మంచిది.

ఆగస్టు, సెప్టెంబర్ పరీక్షతో అదే ఏడాది అప్లై చేయడం గురించి అడుగుతుంటారు. మిగతా ఫైల్ అంతా జులైకే సిద్ధంగా ఉండి, ప్రాక్టీస్ స్కోర్లు బాగుంటే జులై పరీక్ష దాకా నేను సరే అంటాను. ఆ తర్వాత అయితే వచ్చే ఏడాదికి ఆగమంటాను.

టెక్సస్‌లో ఉన్నవాళ్లు, ముఖ్యంగా డాలస్ వైపు మనవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి, ఇది వినండి. అక్కడి ఎక్కువ స్కూళ్లకి అప్లికేషన్ టీఎండీఎస్‌ఏఎస్ అనే టెక్సస్ సొంత దరఖాస్తు ద్వారా వెళ్తుంది. అది యామ్‌కాస్ కంటే ముందే, మే మధ్యలోనే తీసుకోవడం మొదలుపెడుతుంది. కాబట్టి మీ లెక్క ఇంకో రెండు వారాలు వెనక్కి జరపండి. ఇంకొకటి, ఎంక్యాట్ స్కోర్ యామ్‌కాస్‌కి దానంతట అదే వెళ్తుంది. టెక్సస్ అప్లికేషన్‌కి, ఆస్టియోపతిక్ డాక్టర్ డిగ్రీ ఇచ్చే డీఓ స్కూళ్ల దరఖాస్తు యాకోమాస్‌కి మాత్రం ఏఏఎంసీ సైట్‌లోకి వెళ్లి మీరే పంపాలి.

అమ్మానాన్నల ఉద్యోగ వీసాపై ఆధారపడే హెచ్4 వీసా మీద ఉన్న పిల్లలకి తేదీ కంటే ముందు చూసుకోవలసింది వేరే ఉంది. చాలా మెడికల్ స్కూళ్లు పౌరసత్వం గానీ గ్రీన్ కార్డు గానీ లేనివాళ్లని తీసుకోవు. ఏ స్కూల్ తీసుకుంటుందో ఏఏఎంసీ వాళ్ల స్కూళ్ల వివరాల జాబితా ఎంఎస్‌ఏఆర్‌లో ఉంటుంది. ముందు ఆ జాబితా తయారు చేసుకోండి. హెచ్4 ఇరవై ఒకటో ఏడు వచ్చేదాకానే కాబట్టి, ఆ పుట్టినరోజు ఎప్పుడో కూడా ఈ క్యాలెండర్ మీదే రాసి, ఇమ్మిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడాకే పరీక్ష తేదీ తీసుకోండి.

చివరిగా అమ్మానాన్నలకి. మంచి రోజు చూసి డేట్ తీసుకునే ఇళ్లు నాకు తెలుసు, మా ఇల్లు కూడా అంతే. చూసుకోండి. కాకపోతే ముందు పిల్లలు ఈ లెక్క వేసి, తమకి సరిపడే మూడు నాలుగు తేదీలు రాసివ్వాలి. పంచాంగం తీసేది ఆ తర్వాత, ఆ మూడు నాలుగింట్లోనే. సీటు మాత్రం బుకింగ్ తెరిచిన వారంలోనే తీసుకోండి, దగ్గర్లోని సెంటర్లు త్వరగా నిండిపోతాయి. తీసుకున్న వెంటనే క్యాలెండర్లో మూడు చోట్ల రాయండి: పరీక్ష తేదీ, స్కోర్ వచ్చే తేదీ, డేట్ మార్చుకోవడానికి చివరి రోజు.