మోటుపల్లి రేవు, మద్రాసు భయం

[తెరపై: మోటుపల్లి తీరం]

చీరాల నుంచి తీరం వెంబడి దక్షిణానికి వస్తే మోటుపల్లి. 2022లో బాపట్ల జిల్లాలో కలిపారు గానీ, మా ఒంగోలు వాళ్లకు అది ఇప్పటికీ ప్రకాశం జిల్లా ఊరే. గాలివానకు దెబ్బతిన్న ఓడల సరుకును పూర్వపు రాజులు లాక్కునేవారనీ, తాను మాత్రం సుంకంతో సరిపెట్టుకుంటాననీ కాకతీయ గణపతిదేవుడు 1244లో అభయశాసనం వేయించింది ఇక్కడే. ఐదు వందల ఏళ్ల తర్వాత ఇదే రేవు మద్రాసులోని ఈస్టిండియా కంపెనీకి కునుకు పట్టనివ్వలేదు.

[తెరపై: పటం, గుండ్లకమ్మ మీద నీలిగీత]

గుండ్లకమ్మకు దక్షిణాన ఒంగోలు, నెల్లూరు సీమలు ఆర్కాటు నవాబువి. పేరు నవాబుది, పెత్తనం కంపెనీది. కృష్ణకు ఉత్తరాన ఉన్న సర్కార్లు (కోస్తాలోని పాలనా సీమలు) నేరుగా కంపెనీవే. నడుమ గుంటూరు సర్కారు మాత్రం హైదరాబాదు నిజాం అలీ సోదరుడు బసాలత్ జంగ్ చేతిలో ఉంది. 1766 ఒప్పందం ప్రకారం అతను బతికున్నంత కాలం అది అతనిదే, ఆ తర్వాత కంపెనీది. ఆదోనిలో కూర్చున్న ఆయన కొలువులో ఒక ఫ్రెంచి దళం. దానికి మనుషులూ మందుగుండూ దిగేది మోటుపల్లిలో.

1778లో ఫ్రాన్సుతో యుద్ధం మొదలై, కంపెనీ పుదుచ్చేరిని పట్టుకుంది. ఇక దాని కన్ను మోటుపల్లి మీద పడింది. బసాలత్ జంగ్‌కేమో పొరుగున ఉన్న మైసూరు పాలకుడు హైదర్ అలీ భయం. మద్రాసు గవర్నరు రంబోల్డ్‌కు ఇంతకంటే మంచి అదను ఏముంటుంది? 1779లో బేరం కుదిరింది: ఫ్రెంచివారిని పంపేయాలి, గుంటూరును కంపెనీకి కౌలుకివ్వాలి, బదులుగా కంపెనీ సైన్యం ఆదోనికి కాపలా కాస్తుంది.

ఇదంతా నిజాంకు ముందుగా చెప్పకుండానే! పైగా ఆ సర్కారును ఆయనకు బొత్తిగా కిట్టని ఆర్కాటు నవాబుకే పదేళ్లకు కౌలుకిచ్చారు. ఇది కొరివితో తల గోక్కోవడమే. పంపేసిన ఫ్రెంచి దళాన్ని నిజాం తన కొలువులో చేర్చుకున్నాడు. ఆదోనికి బయలుదేరిన కల్నల్ హార్పర్ హైదర్ ఏలుబడిలోని కడప సీమ దాటాలి. హైదర్ మనుషులు దారి కట్టేయడంతో వెనుదిరిగాడు.

[తెరపై: 1780]

నిజాం, హైదర్, మరాఠాలు ఒక్కటయ్యారు. జూలైలో హైదర్ కర్ణాటకం (ఆర్కాటు నవాబు సీమ) మీద పడ్డాడు. గుంటూరులో ఉన్న కల్నల్ బెయిలీ దళాన్ని హడావుడిగా దక్షిణానికి పిలిపించారు. మద్రాసు దగ్గరి కొర్తలైయారు నది వరద దాన్ని కొన్నాళ్లు ఆపేసింది. సెప్టెంబరు 10న కంచి దగ్గరి పొల్లిలూరు వద్ద ఆ దళం తుడిచిపెట్టుకుపోయింది.

గుంటూరును బసాలత్ జంగ్‌కు తిరిగి ఇచ్చేయమని కలకత్తాలోని కంపెనీ పైప్రభుత్వం నుంచి ఉత్తర్వు వచ్చింది. 1782లో బసాలత్ జంగ్ చనిపోయాక కూడా నిజాం దాన్ని కంపెనీకి వదల్లేదు. 1788లో చివరికి అది కంపెనీకే దక్కింది. ఈసారి మాత్రం కంపెనీ రాయబారి కెన్నవే హైదరాబాదు దర్బారుకు వెళ్లి అడిగాడు.