ప్లగ్గు తడిగా ఉందా, పొడిగా ఉందా? టూ-స్ట్రోక్ తోట యంత్రాలపై ఫోన్-ఇన్

వ్యాఖ్యాత: శ్రోతలందరికీ నమస్కారం. బ్రష్ కట్టర్, చైన్ సా, బ్లోయర్ వంటి టూ-స్ట్రోక్ యంత్రాలు స్టార్ట్ కాకుండా మొరాయించినప్పుడు ఏం చేయాలో చెప్పడానికి మెకానిక్ గారు మనతో ఉన్నారు. మొదటి శ్రోత లైన్‌లో ఉన్నారు.

శ్రోత: నమస్కారమండీ. నా బ్రష్ కట్టర్ పోయిన సీజన్‌లో చక్కగా పనిచేసింది. ఆ తరువాత కొన్ని నెలలు మూలన పెట్టాను. ఇప్పుడు తాడు లాగి లాగి భుజం పట్టేసింది గానీ అది మాత్రం అందుకోవడం లేదు. ఎయిర్ ఫిల్టర్ కడిగాను, కొత్త స్పార్క్ ప్లగ్గు వేశాను, మా బావమరిది చెప్పాడని గాలిని, పెట్రోలును కలిపే కార్బురేటర్ మీది స్క్రూలు కూడా కాస్త అటూ ఇటూ తిప్పాను. కార్బురేటర్ మార్చేయమంటారా?

నిపుణుడు: ముందు ప్లగ్గు సంగతి చెప్పండి. తడిగా ఉందా, పొడిగా ఉందా?

శ్రోత: కొత్త ప్లగ్గేనండీ.

నిపుణుడు: కొత్తదా పాతదా అని నేను అడగలేదు. తాడు లాగిన తరువాత విప్పి చూస్తే దాని కొన ఎలా ఉంది?

శ్రోత: తడిసి ముద్దయిందండీ, పెట్రోలు వాసన గుప్పుమంటోంది.

నిపుణుడు: అయితే పెట్రోలు ఎక్కువైంది. చోక్ వేసినప్పుడు గాలి తగ్గి పెట్రోలు వాటా పెరుగుతుంది. ఇంజను ఒక్కసారి డుబ్బుమని దగ్గి ఆగగానే చోక్ తీసేయాలి. ఆ దగ్గును పట్టించుకోకుండా చోక్ మీదే లాగుతూ పోతే సిలిండరులోకి పెట్రోలు చేరి ప్లగ్గును ముంచేస్తుంది. ఇప్పుడు స్విచ్ ఆపి, ప్లగ్గు విప్పి, ప్లగ్గు రంధ్రం కిందికి ఉండేలా యంత్రాన్ని వంచి, నాలుగైదుసార్లు తాడు లాగండి. కాసేపు ఆరనిచ్చి, ప్లగ్గు తుడిచి బిగించి, చోక్ లేకుండా యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కి ప్రయత్నించండి.

శ్రోత: అలా చేసినా రాకపోతే కార్బురేటర్ మార్చాలి కదండీ?

నిపుణుడు: మళ్లీ అక్కడికే వచ్చారు! ట్యాంకులో ఉన్న పెట్రోలు ఎప్పటిది?

శ్రోత: పోయిన సీజన్‌లో మిగిలినదేనండీ. పారబోయడం ఎందుకని అలాగే ఉంచాను.

నిపుణుడు: అదీ అసలు సంగతి. చల్లటి ఇంజను అందుకోవడానికి కావలసిన తేలిక భాగమే పెట్రోలులోంచి ముందుగా ఆవిరైపోతుంది. మిగిలినది కార్బురేటర్‌లోని సన్నటి దారుల్లో జిగురులా పేరుకుంటుంది. ఇథనాల్ కలిసిన పెట్రోలైతే గాలిలోని తేమను కూడా పీల్చుకుంటుంది. ఆయిల్ కలిపిన పెట్రోలును నెలకు మించి వాడవద్దని నేను అందరికీ చెబుతాను. పాతదంతా తీసేసి, కొత్తగా కలిపినది పోసి, పెట్రోలును కార్బురేటర్‌లోకి లాగే మెత్తటి బుడ్డి, అదే ప్రైమర్ బల్బు, నొక్కండి. బల్బు నిండకపోతే ట్యాంకులోని ఫిల్టర్ మూసుకుపోయిందో, పైపు పగిలిందో చూడండి. ఇవన్నీ సరిగ్గా ఉన్నా అందుకోకపోతే అప్పుడు కార్బురేటర్ విప్పి శుభ్రం చేసి, అందులో గట్టిపడిన పల్చటి పొర, అంటే డయాఫ్రం, మార్చాలి. కార్బురేటర్ మొత్తం మార్చే అవసరం అరుదుగానే వస్తుంది.

శ్రోత: మరి తిప్పేసిన స్క్రూల మాటేమిటండీ?

నిపుణుడు: వాటి జోలికి వెళ్లకుండా ఉండవలసింది. మెల్లగా చివరిదాకా బిగించి, చాలా యంత్రాల్లో సుమారు ఒక చుట్టు వెనక్కి తిప్పితే ఇంజను అందుకునే స్థితికి వస్తుంది. గట్టిగా బిగిస్తే స్క్రూ చివర ఉండే సూది మొన పాడవుతుంది. మీ యంత్రానికి కచ్చితమైన లెక్క దాని పుస్తకంలో చూడండి.

వ్యాఖ్యాత: ధన్యవాదాలండీ. తరువాతి శ్రోత, క్లుప్తంగా అడగండి.

శ్రోత: నా చైన్ సా చల్లగా ఉన్నప్పుడు ఒక్క లాగుకే స్టార్ట్ అవుతుంది. బాగా వేడెక్కాక ఆపితే మళ్లీ అరగంట దాకా రాదండీ.

నిపుణుడు: మొరాయించిన ఆ క్షణంలోనే ప్లగ్గు విప్పి, తడిగా ఉందో పొడిగా ఉందో చూడండి. పొడిగా ఉంటే వేడికి పెట్రోలు దారిలోనే ఆవిరై అడ్డుపడుతూ ఉండవచ్చు. ఇక స్పార్కే రాకపోతే, వేడెక్కినప్పుడు మాత్రమే పనిమానేసే ఇగ్నిషన్ కాయిల్‌ను అనుమానించాలి. అయితే స్పార్క్ చూసేటప్పుడు ప్లగ్గును దాని రంధ్రానికి దూరంగా ఇంజను లోహానికి ఆనించండి. రంధ్రంలోంచి వచ్చే పెట్రోలు ఆవిరి భగ్గున అంటుకుంటుంది.

శ్రోత: కాయిల్‌ను నేనే మార్చుకోవచ్చా...

వ్యాఖ్యాత: క్షమించండి, మరొకరు వేచి ఉన్నారు. చెప్పండి.

శ్రోత: బ్లోయర్ స్టార్ట్ అయిన కొద్ది నిమిషాలకే ఆగిపోతుందండీ. కాసేపు ఆగితే మళ్లీ నడుస్తుంది.

నిపుణుడు: ఆగిపోగానే ట్యాంకు మూత కొద్దిగా వదులు చేయండి. సుయ్యిమని గాలి లోపలికి వెళ్లి, ఇంజను వెంటనే అందుకుంటే మూతలోని గాలి రంధ్రం పూడుకుపోయినట్లు. దాన్ని శుభ్రం చేయండి. అది కాకపోతే సైలెన్సర్‌లోని జాలీకి మసి పట్టిందేమో చూడండి. ఇంజను వేడిగా ఉన్నప్పుడు మాత్రం ట్యాంకులో పెట్రోలు పోయవద్దు.

వ్యాఖ్యాత: ఆఖరి కాల్. ఒక్క నిమిషమే ఉంది.

శ్రోత: లీటరు పెట్రోలుకు టూటీ ఆయిల్, అదే టూ-స్ట్రోక్ ఇంజను ఆయిల్, ఎంత కలపాలండీ?

నిపుణుడు: మీ యంత్రం పుస్తకంలో 50:1 అని ఉంటే లీటరుకు 20 మిల్లీలీటర్లు, 25:1 అని ఉంటే 40. కంటితో అంచనా వేయకుండా కొలపాత్రతో కలపండి. ఆయిల్ తగ్గితే పిస్టన్ పట్టేస్తుంది, ఎక్కువైతే ప్లగ్గు కొనకు మసి పడుతుంది. ట్యాంకులో కలపకుండా వేరే డబ్బాలో కలిపి, బాగా కుదిపి పోయండి.

వ్యాఖ్యాత: మెకానిక్ గారికి, ఫోన్ చేసిన శ్రోతలకు ధన్యవాదాలు. సెలవు.