పాటకి రెండు, సినిమాకి ఐదు: ఒకే హాల్లో రెండూ కుదిరేదెలా?

[హాలు. టీవీకి రెండు పక్కలా నిలువు స్పీకర్లు, కింద సెంటర్ స్పీకర్. ఐదు స్పీకర్లలోనూ ఘంటసాల గారి పాత సినిమా పాట.]

హెడ్‌ఫోన్స్ ఉంటే పెట్టుకోండి, ఫోన్ స్పీకర్లో ఈ తేడా తెలియదు. ఇప్పుడు గొంతు హాలంతా పరుచుకుని ఉంది. సోఫా వెనక కూడా ఎవరో పాడుతున్నట్టుంది. రిమోట్‌లో స్టీరియో నొక్కుతున్నాను.

[అదే పాట, ముందు స్పీకర్లు రెండే.]

ఇప్పుడు ఆయన ఎదురుగా, సరిగ్గా టీవీ మధ్యలో నిలబడి పాడుతున్నారు. సెంటర్ స్పీకర్ మీద చెయ్యి పెట్టి చూస్తున్నాను, అది ఉలకడం లేదు. అయినా గొంతు అక్కణ్ణుంచే వస్తోంది. ఆ రోజుల్లో సినిమా పాటల రికార్డులు మోనో. రెండు స్పీకర్లకూ వెళ్ళేది ఒకే శబ్దం. అది రెండు చెవులకూ ఒకేసారి, ఒకే స్థాయిలో అందేసరికి మనిషి మధ్యలో ఉన్నాడని మెదడు అనుకుంటుంది. స్టీరియో అంతా నిలబడింది ఈ భ్రమ మీదే. 1931లో ఇంగ్లండులో ఆలన్ బ్లుమ్‌లైన్ అనే ఇంజనీరు దీనికి పేటెంటు దరఖాస్తు పెట్టాడు.

అందుకే మీ ఇంటి సిస్టమ్‌ని పరీక్షించడానికి ఒక పాత మోనో పాట చాలు. గొంతు ఒక పక్కకి జారితే, ఒక స్పీకర్ మీకు దగ్గరగా, ఇంకోటి దూరంగా ఉందేమో కొలిచి చూడండి. గొంతు ఎక్కడుందో తెలియకుండా బోలుగా వినిపిస్తే, ఒక స్పీకర్‌కి ప్లస్, మైనస్ వైర్లు తారుమారై ఉండొచ్చు. నవ్వకండి, చాలా ఇళ్ళలో ఇదే జరుగుతుంది.

[టైటిల్]

ఇప్పుడు అసలు గొడవ. లక్షో లక్షన్నరో పెట్టి హోమ్ థియేటర్ పెట్టించుకుంటాం. సినిమా పెడితే అదిరిపోతుంది. పాట పెడితే చప్పగా ఉంటుంది. వెంటనే స్టీరియో ఆంప్లిఫయర్ ఒకటి కొనాలనిపిస్తుంది. కొందురుగాని, ఆగండి. ముందు పైసా ఖర్చు లేని పని ఒకటుంది.

[పైనుంచి గీసిన హాలు బొమ్మ. సోఫా, టీవీ, స్పీకర్లు.]

మన ఇళ్ళలో స్పీకర్లు ఎక్కడుంటాయి? టీవీ యూనిట్ మీద, టీవీ అంచులకి ఆనుకుని. 55 అంగుళాల టీవీ వెడల్పు సుమారు 4 అడుగులు. అంటే స్పీకర్ల మధ్య నాలుగున్నర అడుగుల దూరం. మీరేమో 10 అడుగుల దూరంలో సోఫాలో ఉంటారు. లెక్క కడితే స్పీకర్ల మధ్య కోణం 25 డిగ్రీలు. ఉండాల్సింది 60 డిగ్రీలు. స్పీకర్లు రెండూ, మీరూ కలిసి మూడు భుజాలూ సమానమైన త్రిభుజం కావాలి. మీరు 8 అడుగుల దూరంలో ఉంటే స్పీకర్ల మధ్యా 8 అడుగులు. సినిమాకీ దాదాపు ఇదే కొలత, కాబట్టి పాట కోసం జరిపితే సినిమా ఏమీ చెడదు.

స్పీకర్లని షోకేసు అరల్లోంచి బయటికి లాగండి. వెనక గోడకి కనీసం ఒకటిన్నర అడుగు ఎడం ఇవ్వండి. హాల్లో నిలబడి ఒకసారి గట్టిగా చప్పట్లు కొట్టండి.

[చప్పట్లు. గింగురుమనే ప్రతిధ్వని.]

పాలరాయి, టైల్సు, సిమెంటు గోడలు. మన హాళ్ళు చూడ్డానికి బాగుంటాయి, వినడానికి కావు. స్పీకర్లకీ సోఫాకీ మధ్య నేల మీద మందపాటి కార్పెట్టు పరవండి, కిటికీలకి బరువైన కర్టెన్లు వెయ్యండి. పుస్తకాల బీరువా ఉంటే ఇంకా మంచిది. కానీ వీటితో బేస్ మోత తగ్గదు. 12 అడుగుల పొడవున్న గదిలో 47 హెర్ట్జ్ దగ్గర, అంటే బాగా లోతైన బేస్ దగ్గర, శబ్దం గోడల మధ్య నిలిచిపోయి ఉబ్బుతుంది. పొడవూ వెడల్పూ సమానమైన గదైతే రెండింతల తలనొప్పి. సోఫాని గోడకి ఆనించకుండా ఒక అడుగు ముందుకి జరిపి మళ్ళీ వినండి.

ఇక రిసీవర్‌లో, అంటే హోమ్ థియేటర్ స్పీకర్లన్నిటినీ నడిపే పెట్టెలో, మోడ్. డెనాన్, మరాంజ్, యమహా రిసీవర్లలో ప్యూర్ డైరెక్ట్ అనేది ఉంటుంది. అది డిజిటల్ హంగులన్నీ ఆపేసి ఎడమ, కుడి ఛానళ్ళు రెండింటినీ నేరుగా పంపిస్తుంది. పాటకి ఇదే గొప్పదని అంటారు. నా అనుభవంలో ప్రతిసారీ కాదు. అందులో రూమ్ కరెక్షన్ (మైకుతో గదిని కొలిచి శబ్దాన్ని సరిదిద్దే ఏర్పాటు) కూడా ఆగిపోతుంది, చాలాసార్లు సబ్‌వూఫర్ (బేస్ కోసమే ఉండే స్పీకర్) కూడా. బేస్ ఉబ్బే గదిలో మామూలు స్టీరియో మోడే నయం. రెండూ విని తేల్చుకోండి.

[రెండు పెట్టెలు పక్కపక్కన: రిసీవర్, స్టీరియో ఆంప్.]

ఇవన్నీ చేశాక కూడా తృప్తి లేదనుకోండి, అప్పుడు ఆంప్, అంటే ఇందాకటి స్టీరియో ఆంప్లిఫయర్. రిసీవర్ అనే ఒక్క పెట్టెలో ఏడో తొమ్మిదో ఆంప్లిఫయర్లు ఇరుకుతాయి, అన్నిటికీ కరెంటు ఇచ్చేది ఒకే ట్రాన్స్‌ఫార్మర్. అట్టపెట్టె మీద 90 వాట్లు అని రాసేది సాధారణంగా రెండే ఛానళ్ళు పనిచేస్తున్నప్పటి లెక్క. అదే డబ్బు రెండు ఛానళ్ళ మీదే పెడితే సహజంగానే ఫలితం వేరు.

కానీ ముందు స్పీకర్లు ఒక జతే. వాటికి రెండు ఆంప్‌ల స్పీకర్ వైర్లూ ఒకేసారి తగిలించొద్దు. ఒకదాని కరెంటు ఇంకోదాంట్లోకి వెళ్ళి రెండూ కాలిపోవచ్చు. స్పీకర్లు ఎప్పుడూ స్టీరియో ఆంప్‌కే ఉండాలి. రిసీవర్ వెనక ఫ్రంట్ ప్రీ-ఔట్ అని రెండు రంధ్రాలుంటాయి, ముందు స్పీకర్ల శబ్దాన్ని వేరే ఆంప్‌కి ఇవ్వడానికి. అక్కణ్ణుంచి ఆర్‌సీఏ వైర్లతో ఆంప్‌లోని హోమ్ థియేటర్ బైపాస్ అనే రంధ్రాలకి కలపాలి. కొన్ని కంపెనీలు దాన్నే మెయిన్ ఇన్ అనో పవర్ ఆంప్ ఇన్ అనో అంటాయి.

[బాణం గుర్తులతో బొమ్మ: టీవీ నుంచి రిసీవర్, రిసీవర్ నుంచి ఆంప్, ఆంప్ నుంచి స్పీకర్లు.]

బైపాస్‌లో ఆంప్ వాల్యూమ్ నాబ్ పనిచేయదు, వాల్యూమ్ అంతా రిసీవర్ చేతిలోనే. పాటలు వినాలంటే రిసీవర్ ఆపేసి, స్ట్రీమర్‌నో (ఇంటర్నెట్ పాటలు వినిపించే పెట్టె) సీడీ ప్లేయర్‌నో నేరుగా ఆంప్‌కి కలిపి, దాని నాబ్ తిప్పుకోవడమే. సెంటర్, వెనక స్పీకర్లు మాత్రం రిసీవర్‌కే. ఒక్క జాగ్రత్త: ఆ బైపాస్ రంధ్రంలో సీడీ ప్లేయర్ పెడితే పాట ఫుల్ వాల్యూమ్‌తో మొదలవుతుంది. చవక రిసీవర్లలో సబ్‌వూఫర్‌కి తప్ప ప్రీ-ఔట్ ఉండదు. కాబట్టి కొనేముందు పెట్టె వెనక్కి తిప్పి చూడండి.

ఆంప్‌లో బైపాస్ లేకపోతే ఆక్స్ అనే మామూలు ఇన్‌పుట్‌కి కలిపి, నాబ్‌ని ఒకే చోట ఉంచాలి. నేనూ మొదట్లో అదే చేశాను. నాబ్‌ని 12 గంటల దగ్గర పెట్టి, పక్కన మార్కర్‌తో చుక్క పెట్టాను. ఒక ఆదివారం మా బావమరిది వచ్చి పాటలు పెట్టుకుని, నాబ్ మూడు గంటల దాకా తిప్పి వెళ్ళిపోయాడు. ఆ రాత్రి సినిమా పెట్టాను. మొదటి పేలుడుకి దేవుడి గదిలోంచి మా అమ్మ పరుగెత్తుకొచ్చింది. స్పీకర్లు బతికాయి, నాకు మాత్రం వారం రోజులు తిట్లు. అందుకే బైపాస్ ఉన్నది కొనమంటాను.

[రిసీవర్‌కి మైకు తగిలించి కొలుస్తున్న దృశ్యం.]

ఆంప్ కలిపాక రూమ్ కరెక్షన్ మళ్ళీ చేయించాలి, చాలామంది దీన్ని మర్చిపోతారు. కొత్త ఆంప్ శబ్దాన్ని పెంచే స్థాయి వేరు కాబట్టి, చేయించకపోతే సినిమాలో ముందు స్పీకర్లు గట్టిగా, మాటలు వచ్చే సెంటర్ నీరసంగా ఉండొచ్చు. క్రాసోవర్‌ని, అంటే స్పీకర్లు వదిలేసిన బేస్‌ని సబ్‌వూఫర్ అందుకునే హద్దుని, 80 హెర్ట్జ్ దగ్గర పెట్టి మొదలుపెట్టండి.

సబ్‌వూఫర్ రిసీవర్‌కి ఉంది కాబట్టి పాటలప్పుడు మూగబోతుంది. నిలువు స్పీకర్లు ఉన్నవాళ్ళకి మృదంగం తొప్పి (ఎడమ వైపు) నాదం అవే ఇస్తాయి, దిగులు లేదు. చిన్న స్పీకర్లైతే, రెల్ కంపెనీవాటిలా రెండు దారులున్న సబ్‌వూఫర్ చూడండి. ఒకటి రిసీవర్ నుంచి, ఇంకోటి ఆంప్ స్పీకర్ టెర్మినల్స్ నుంచి.

రెండు పెట్టెలూ కలపగానే గుంయ్‌మని మోత మొదలైతే కంగారు పడకండి. కేబుల్ టీవీ వైరు పీకి చూడండి, ఎక్కువసార్లు దొంగ అదే. రెండింటినీ ఒకే బోర్డులో పెట్టండి. ఎవరు చెప్పినా ప్లగ్గు ఎర్త్ పిన్ను మాత్రం విరగ్గొట్టొద్దు, షాక్ కొడుతుంది.

[ఆంప్ దగ్గరి దృశ్యం. మీద అంటించిన తెల్లకాగితం, చేతిరాత.]

ఇది మా అమ్మ రాసి అంటించింది: "పాటలు అయితే సీడీ. సినిమా అయితే బైపాస్. అల్లరి చేస్తే ఆఫ్."