మోకాలి నొప్పి గురించి ఏఐకి ఎవరు నేర్పాలి?

అందరికీ నమస్కారం. ఏఐ వస్తే ఎముకల డాక్టర్ల పని అయిపోయినట్టేనా అని ఈమధ్య చాలామంది అడుగుతున్నారు. ఆ టెన్షన్ నాకు లేదు. ఎక్స్‌రేలో మణికట్టు ఫ్రాక్చర్‌ని పట్టే సాఫ్ట్‌వేర్‌కి అమెరికాలో మందులకీ వైద్య పరికరాలకీ అనుమతులిచ్చే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ 2018లోనే అనుమతి ఇచ్చింది, అర్ధరాత్రి క్యాజువాలిటీలో ఒంటరిగా ఉండే డ్యూటీ డాక్టరుకి అలాంటిది నిజంగా సాయమే. నేను చెప్పాలనుకున్నది మోకాలి గురించి.

గుజ్జు ఎంత అరిగిందో చెప్పడానికి ఎక్స్‌రే చూసి 0 నుంచి 4 దాకా గ్రేడు ఇస్తాం, 4 అంటే బాగా అరిగిపోయినట్టు. కెల్‌గ్రెన్, లారెన్స్ అనే ఇద్దరు డాక్టర్లు 1957లో పెట్టిన పద్ధతి అది. కానీ గ్రేడు 2 ఉన్నావిడ మెట్లు ఎక్కలేక కళ్లనీళ్లు పెట్టుకుంటుంది, గ్రేడు 4 ఉన్నాయన పొలానికి నడిచి వెళ్లొస్తుంటాడు. ఆవిడకి మనం చెప్పే మాట అందరికీ తెలుసు: "ఎక్స్‌రేలో పెద్దగా ఏం లేదమ్మా, బరువు తగ్గు."

అమెరికాలో నల్లజాతి వాళ్ల విషయంలో గ్రేడుకీ నొప్పికీ ఈ పొంతన లేకపోవడం ఇంకా ఎక్కువ. గ్రేడు ఒకటే అయినా వాళ్లు చెప్పే నొప్పి ఎక్కువ ఉండేది, దానికి కారణం మోకాలి బయట, ఒత్తిడిలాంటి వాటిలో వెతికేవాళ్లు. 2021లో ఎమ్మా పియర్సన్ అనే పరిశోధకురాలి బృందం నేచర్ మెడిసిన్ అనే వైద్య పత్రికలో ఒక పరిశోధన ప్రచురించింది. వాళ్లు ఏఐకి డాక్టర్ల గ్రేడు కాకుండా, ఎక్స్‌రేతో పాటు ఆ మనిషి చెప్పిన నొప్పినే ఇచ్చి నేర్పారు. నొప్పిలో ఉన్న ఆ జాతి తేడాలో పాత గ్రేడు వివరించగలిగింది 9 శాతం, ఈ ఏఐ మోడల్ 43 శాతం! అంటే కారణంలో పెద్ద భాగం ఆ ఎక్స్‌రేలోనే ఉంది, మన కంటికే ఆనలేదు. ఏ గుర్తు చూసి చెబుతోందో మాత్రం తేలలేదు కాబట్టి, దాన్ని నమ్మి ఆపరేషన్లు చేసేయమని నేను అనను.

రకరకాల మనుషుల ఎక్స్‌రేలతో నేర్పినప్పుడే మోడల్ బాగా పనిచేసిందని కూడా వాళ్లు చూపించారు. మనం పట్టించుకోవాల్సింది ఇదే. నల్గొండ, ప్రకాశం జిల్లాల్లో ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు దెబ్బతిన్నవాళ్లు ఉన్నారు, వాళ్ల ఎక్స్‌రేల్లో ఎముక మామూలు కంటే తెల్లగా, దట్టంగా కనిపించవచ్చు, ఎముకల్ని కలిపి పట్టి ఉంచే లిగమెంట్లలో కాల్షియం పేరుకుని ఉండవచ్చు. బాసింపట్టు వేసుకుని అన్నం తినే, రోజంతా వంగి నాట్లు వేసే మనుషుల మోకాళ్లు మనవి. ఇలాంటి మోకాలిని ఒక్కసారీ చూడని సాఫ్ట్‌వేర్‌ని మన ఓపీలో పెట్టి, అది చెప్పిందే సరైనదని ఎలా అనుకుంటాం? అమ్మడానికి వచ్చినవాళ్లని ఎవరి ఎక్స్‌రేలతో నేర్పారో గట్టిగా అడగండి.

ఇక్కడున్న పీజీ డాక్టర్లకి ఒక మాట. మోకాలి ఎక్స్‌రే తీయించిన ప్రతిసారీ నొప్పి పదికి ఎంత, మెట్లు ఎక్కగలుగుతున్నారా, కింద కూర్చుని లేవగలుగుతున్నారా, చిన్నప్పుడు ఏ ఊరి నీళ్లు తాగారు, ఇవన్నీ కేస్‌షీట్లో రాయండి. ఇవి లేకుండా ఉత్త ఎక్స్‌రేలు ఎన్ని పోగేసినా పియర్సన్ వాళ్లు చేసిన పని ఇక్కడ ఎవరూ చేయలేరు. ఇంకొకటి, నొప్పి ఎంతుందో పక్కన నిలబడ్డ కొడుకుని అడిగి రాసుకోకండి, ఆ పెద్దావిడనే అడగండి.